అడ్డుతెరకు ఇటువైపు

జనవరి 12

ఫోన్ చేతిలోకి తీసుకోవాలనిపించినప్పుడల్లా ఇందులో రాయాలి. ఇదీ ఒప్పందం. ఎవరితో అంటే నాతోనే. డైరీ మా ఆయన బాలుది. మిరపయార్డులో కమీషన్ కొట్టువాళ్ళు ఇచ్చారు. బాలుకి రాసుకునేంత రహస్యాలు లేవు కాబట్టి నా దగ్గరికి చేరింది.

ఇవాళ జరిగింది రాయకపోతే అన్నం సహించేలా లేదు. తెనాలివాళ్ళు పెళ్ళికి నా చేత వేయించుకున్న అడ్డుతెర తీసుకెళ్ళడానికి వచ్చారు. పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు, మధ్యలో జంట నెమళ్ళు. బాగా కుదిరిన పని. తెర విప్పగానే ఆ అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుని "అబ్బ!" అంది. అప్పుడు నేను ఫోన్ సరిగ్గా పట్టుకోలేదు. "అమ్మా, ఇంకోసారి ఆశ్చర్యపడండి" అన్నాను. పడింది. ఈసారి వెలుతురు చాల్లేదు. తెర చుట్టబెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ పడమన్నాను. చివరికి ఆ పిల్ల మొహంలో ఏమీ మిగల్లేదు. వాళ్ళ నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

పక్క వాటాలో ఉండే కౌసర్, నా తెరలన్నిటికీ అంచులు కుట్టేది తనే, మిషన్ మీంచి తలెత్తకుండా అంది: "మొదటిసారి మొహం బాగుందక్కా. నువ్వే చూళ్ళేదు."

నాకు ఒళ్ళు మండింది. వ్యాపారం సంగతి నీకేం తెలుసన్నాను. నా ఆర్డర్లన్నీ ఇన్‌స్టాలోంచే వస్తాయి, అది నిజం. ఆ వీడియో పెట్టాక పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మేదాకా నేను ఫోన్‌లోనే ఉన్నాను, అదీ నిజం. బాలు మాడిన గిన్నె బయటపెట్టి బూడిదతో తోముకున్నాడు. తిట్టినా బాగుండేది.

రేపటి నుంచి మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక్కసారే చూస్తాను. అదీ ఆర్డర్ల కోసమే.

జనవరి 13

పొద్దున్నే చూశాను. ఆర్డర్ల కోసమే. ఆర్డర్లేమీ లేవు. అయినా చాలాసేపు చూశాను.

జనవరి 16

పెదనందిపాడు దగ్గరి నుంచి పుల్లమ్మగారని ఒకావిడ వచ్చారు. మిరపచేను సొంతంగా నిలబడి చేయించుకునే మనిషి. మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది. నా పేజీ చూసి రాలేదట. ఆవిడకి అలాంటి ఫోనే లేదు, నొక్కుడు ఫోన్. యార్డులో ఎవరో చెప్పారట, గుంటూరులో కోటేశ్వరి అనే అమ్మాయి తెర మీద మనిషిని మనిషిలా వేస్తుందని. ఈ మాట విని పొంగిపోయాను. మొదట నాకొచ్చిన ఆలోచన, ఇది కెమెరా ముందు చెప్పమంటే చెప్తారా అని. ఛీ.

కూతురు భవ్య పెళ్ళి మాఘమాసంలో, పెదకాకాని కళ్యాణమండపంలో. భర్త యలమందయ్యగారు మూడేళ్ళ కిందట గుండె ఆగి పోయారు. కన్యాదానం మేనమామ చేస్తాడు.

"పెళ్ళికొడుకు వైపు సీతారాముల్ని వెయ్యి, నీ ఇష్టం. ఇటు మా అమ్మాయి వైపు మాత్రం వాళ్ళ నాన్న ఉండాల. జీలకర్ర బెల్లం పెట్టేముందు అది తలెత్తితే ఎదురుగా ఆయన కూచుని ఉండాల. అప్పుడు నేను దాని పక్కనే ఉంటా. ముందుగా దానికి తెలవకూడదు అమ్మాయ్. తెర పట్టేదాకా ఎవరి కంటా పడకూడదు."

రెండు గుడ్డల మీద రెండు బొమ్మలూ వేసి, మధ్యలో మందపాటి లైనింగు పెట్టి కలిపి కుడదామన్నాను. ఒకవైపుది ఇంకోవైపు కనపడదు. ఆవిడకి నచ్చింది. "ఒట్టెయ్" అన్నారు. దేవుడి మీద వేయబోతే ఆపారు.

"దేవుడి మీద అందరూ వేస్తారు. నీ బ్రష్షు మీద వెయ్యి."

వేశాను.

జనవరి 20

యలమందయ్యగారిది ఉన్నది ఒక్కటే ఫొటో. అందులో ఆయన ఎండకి కళ్ళు చిట్లించి ఉన్నాడు. పుల్లమ్మగారు పొద్దున్నే ఫోన్ చేసి ఒక్కో ముక్కా చెబుతున్నారు. కుడిచెవి కొంచెం బయటికి ఉంటుందట. తుండు భుజం మీద కాదు, మెడ చుట్టూ వెయ్యాలట. "కోతలప్పుడు ఘాటుకి మూతికి కట్టుకునేవాడు. నవ్వొస్తే గడ్డం కిందికి లాక్కునేవాడు. అట్టా వెయ్యి, అప్పుడే లాక్కున్నట్టు."

రెండు రోజులుగా ఫోన్ గుర్తే రాలేదు. మధ్యాహ్నం చూస్తానన్న ఆ ఒక్కసారి కూడా చూడలేదు. నన్ను నేనే మెచ్చుకుంటున్నాను.

జనవరి 24

పుల్లమ్మగారు వచ్చి చూశారు. అంత గొంతున్న మనిషి నేల మీద కూర్చుండిపోయారు. తర్వాత రంగు ఆరిందో లేదో అడిగి, ఆ కుడిచెవిని వేలితో తాకారు. "బాగుంది అమ్మాయ్. వచ్చాడు" అన్నారు. కొంగుతో మొహం తుడుచుకుని, గబగబా లేచి, బస్సు పోతుందని వెళ్ళిపోయారు.

నా పనికి ఇంతకంటే పెద్ద మాట ఎవరూ అనలేదు. అది తెలుసు నాకు.

ఆవిడ వెళ్ళాక చిన్న వీడియో తీసుకున్నాను. నాకోసమే. ఎవరికీ చూపించను.

జనవరి 26

ఒంగోలులో ఒకామె ఉంది, నాలాగే తెరలు వేస్తుంది. ఆమె వినాయకుడికి తొండం ఎటు తిరిగిందో ఆమెకే తెలియదు. ఆ తెరని లోకమంతా చూసింది. నావి ఈ నెలంతా కలిపినా చూసినవాళ్ళు అందులో సగం లేరు. కొత్త ఆర్డర్ ఒక్కటీ లేదు. ఇట్లా మడి కట్టుకుని కూర్చుంటే షాపు మూసుకోవాలి.

లేదు. ఒట్టేశాను.

జనవరి 27

పెట్టాను.

పేర్లు లేవు. ఊరు లేదు. మొహం మీద ఎక్కువసేపు ఉంచలేదు, ముందు చేతులూ తర్వాత తుండూ, చివర్లో ఒక్క క్షణం నవ్వు. "నాన్న రాలేని పెళ్ళికి నాన్న" అని రాశాను. వెనకాల వీణ. భవ్య అనే అమ్మాయి నా పేజీ చూస్తుందని ఎక్కడుంది? పల్లెటూళ్ళ పిల్ల. అసలు ఇది చూసి ఎవరో ఒకరు వాళ్ళ నాన్నని తలుచుకుంటే అది పుణ్యమే.

మధ్యాహ్నానికి నా ఫోన్ ఆగడం లేదు. ఎక్కడెక్కడి వాళ్ళో ఏడుస్తున్నారు. దుబాయ్ నుంచి ఒకాయన రాశాడు, ఆడవాళ్ళు రాస్తున్నారు, ఒకామె నన్ను దేవత అంది. దేవత అట! బాలుకి చదివి వినిపించాను. "ఎవరి తెర అది? పుల్లమ్మగారిదా?" అన్నాడు. వేరే వాళ్ళది అన్నాను.

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట.

జనవరి 28

తీసేయాలి. సాయంత్రం తీసేస్తాను.

జనవరి 29

ఇంకా పెరుగుతోంది. రేపు తీసేస్తాను, తప్పకుండా.

జనవరి 31

భవ్య వచ్చింది.

మధ్యాహ్నం షాపు ముందు ఒక అమ్మాయి, చున్నీ తల మీదికి కప్పుకుని, చేతిలో టిఫిన్ బాక్సు సంచి. ఆర్డర్ ఇవ్వడానికొచ్చిందనుకుని కూర్చోమన్నాను. ఆ పిల్ల కూర్చోకుండా చుట్టి గోడకి ఆనించిన తెరల వంక చూసింది.

"అందులో మా నాన్న ఏదక్కా?" అంది.

గుంటూరులోనే ఏదో ల్యాబులో పని చేస్తుందట. రోజూ బస్సులో వచ్చి వెళ్తుందట. పల్లెటూళ్ళ పిల్ల అనుకున్నాను నేను. స్నేహితురాలు ఆ వీడియో పంపిందట, మీ నాన్నలా ఉన్నాడే అని. బస్సులో నిలబడి చూసిందట.

"మొహం చూసి కాదక్కా. ఆ తుండు చూసి. అట్లా లాక్కునేది మా నాన్నే. కండక్టరు వచ్చి ఏమైందమ్మా అన్నాడు. ఏం చెప్పను?"

క్షమించమన్నాను. ఏవేవో వాగాను. మొహం ఎక్కువసేపు చూపించలేదని కూడా అన్నాను, నా మొహం మండ. ఆ పిల్ల వినలేదు.

"అది తీసెయ్యండి. ఇంకోటి, మా అమ్మకి చెప్పొద్దు. ఇంట్లో పసుపు దంచుతూ తనలో తనే నవ్వుకుంటంది. ఎందుకో నాకిప్పుడు తెలిసింది. ఆవిడ అనుకున్నట్టే జరగాలి. నేను చూడనట్టే ఉంటాను."

"ఎట్లా ఉంటావమ్మా?" అన్నాను.

"మీ పేజీలో అందరూ చేస్తారుగా అక్కా, ఆశ్చర్యపోవడం. నేనూ చేస్తాను."

ఎత్తిపొడుపు కాదు అది. నిజంగానే అంది. అందుకే ఇంకా ఇక్కడే గుచ్చుకుని ఉంది.

ఫిబ్రవరి 1

తీసేశాను. కానీ ఎవరో దాన్ని తమ పేజీలో పెట్టుకున్నారు, నా పేరు కత్తిరించి. చూడగానే కోపంతో ఊగిపోయాను, నా పేరు తీసేస్తారా అని. ఆ తర్వాత గానీ గుర్తు రాలేదు, అందులో ఉన్నది ఆయన అని. ముందు నా పేరు, తర్వాత ఆయన. ఇదీ నేను.

ఫిబ్రవరి 3

పుల్లమ్మగారు ఫోన్ చేశారు. "ఎవరూ చూళ్ళేదుగా అమ్మాయ్?"

"లేదండి పిన్నిగారూ."

కౌసర్ మిషన్ ఆపింది. నేను గోడ వైపు తిరిగి మాట్లాడాను.

ఫిబ్రవరి 4

నిన్న రాత్రి బాలు చేత నొక్కుడు ఫోన్ తెప్పించుకున్నాను. పెద్ద ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టాను. పొద్దున అన్నం వండేటప్పుడు బియ్యంతో పాటు చేతికి తగిలింది. తీసి, తుడిచి, చూశాను. దేవత అన్నవాళ్ళు ఇప్పుడు "కొత్తది ఎప్పుడు?" అంటున్నారు. సిగ్గు లేదు నాకు.

ఫోన్ బాలు చేతికిచ్చి తను పనిచేసే కోల్డ్ స్టోరేజీలో, తన అల్మారాలో పెట్టుకోమన్నాను. అప్పుడే వీడియో ఎవరిదో కూడా చెప్పాను. "ఆవిడకి చెప్పావా?" అన్నాడు. తనది అదొక్కటే ప్రశ్న.

ఫిబ్రవరి 6

మంచి ఉపాయం తట్టింది. రంగు దిగిపోయిందని పుల్లమ్మగారికి చెప్తాను. మళ్ళీ వేస్తాను, ఈసారి వేరేగా, ఆయన సైకిలు మీద కూతుర్ని బడికి తీసుకెళ్తున్నట్టు. అప్పుడు భవ్య నిజంగానే కొత్తగా చూస్తుంది. పుల్లమ్మగారికి బాధ ఉండదు. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

కౌసర్‌కి చెప్పాను. దారం కొరుకుతూ వింది.

"బాగుంది. ఆ పిల్ల ఇంట్లో ఏమీ తెలియనట్టు నటించాలి, నువ్వు అబద్ధమాడాలి, ఆవిడొక్కత్తే నిజంగా ఉండాలి, అంతేనా? అక్కా, నీకు తిట్లు తినడం ఇష్టం లేదు. దానికి ఇన్ని బొమ్మలెందుకు?"

కోపంతో రెండు గంటలు దానితో మాట్లాడలేదు. తర్వాత నేనే టీ తీసుకెళ్ళి ఇచ్చాను.

ఫిబ్రవరి 8

వాళ్ళ ఊరు వెళ్ళాను. బస్సులో రంగు దిగిన కథే వల్లించుకుంటూ కూర్చున్నాను. ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాను.

పుల్లమ్మగారు కల్లంలో ఉన్నారు. ఎండబోసిన కాయల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబారిన తాలుకాయ ఏరుతున్నారు. నన్ను చూసి ఎంత సంతోషపడ్డారో! "ఇదిగో మా గుంటూరు అమ్మాయి" అని అందరికీ చెప్పారు. నేనెవరో, ఎందుకు వచ్చానో వాళ్ళకి తెలియనివ్వకుండా నాకు కన్నుగీటారు కూడా. నాకు ఘాటుకి దగ్గు. ఒకటే దగ్గు. నీళ్ళు ఇచ్చి, కల్లం చివర తాటాకు పాక నీడకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి వీపు నిమిరారు.

ఆ చెయ్యి వీపు మీద ఉండగా అబద్ధం చెప్పలేకపోయాను. చెప్పేశాను. వీడియో సంగతీ, భవ్య వచ్చిన సంగతీ, నటిస్తానన్న సంగతీ. చెప్పొద్దని ఆ పిల్ల అడిగిన మాట కూడా చెప్పేశాను. ఇప్పుడు దాని దగ్గరా మాట తప్పినట్టే.

వీపు మీంచి చెయ్యి తీసేశారు. అరుస్తారని చూశాను. అరవలేదు.

"అది చూసి ఏం చేసిందంట?"

"బస్సులో ఏడ్చిందటండి."

"బస్సులోనా?"

"అవునండి."

"ఎవరో ఊరోళ్ళ మధ్య ఏడ్చిందా నా బిడ్డ? అప్పుడు నేను పక్కన ఉండాలనేగా అమ్మాయ్ ఇదంతా పెట్టుకుంది."

మళ్ళీ అడిగారు. "ఎందుకు పెట్టావు?"

వ్యాపారం అందామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. కానీ అది అబద్ధం. "నలుగురూ బాగుందంటే వినాలనిపించిందండి" అన్నాను.

"నేను చెప్పానుగా బాగుందని."

"చెప్పారు."

"సరిపోలేదా?"

నీళ్ళ చెంబు కింద పెట్టాను.

"పో ఇక. బస్సు పోద్ది" అన్నారు. కల్లంలోకి వెళ్ళి కూర్చుని తాలుకాయ ఏరడం మొదలుపెట్టారు.

ఫిబ్రవరి 9

ఏమీ లేదు.

ఫిబ్రవరి 11

ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడుతున్నాను. ఆవిడ కాదు. నరసరావుపేట నుంచి ఎవరో, మీ పేజీలో కొత్తవేమీ కనిపించడం లేదేంటి అన్నారు. షాపుకొచ్చి చూడండి అన్నాను. అంత దూరమా అన్నారు.

ఫిబ్రవరి 14

పుల్లమ్మగారు వచ్చారు. కౌసర్‌తోనే మాట్లాడారు, నాతో కాదు. సంచిలోంచి ఒక పంచె తీశారు. నేతపంచె, ఎర్రంచుది, మడత మీద పసుపురంగు పట్టింది.

"ఆయనది. చివరిసారి యార్డుకి కట్టుకెళ్ళింది. ఉతకలా. బీరువాలో పెట్టా." అప్పుడు నా వైపు చూశారు. "ఆ బొమ్మ ఊడదీసి దాని చోట ఇది కుట్టండి. పంతులుగారినడిగా. తండ్రి వస్త్రం, తప్పేముందన్నాడు. మా ఆడపడుచు పోయినోళ్ళ బట్టేంటని ఒకటే సణుగుడు. సణగనీ."

"అంచు దగ్గర చిన్న పువ్వు వెయ్యనాండి?" అని అడిగాను. నోరు ఊరుకోదు కదా.

"ఏం వెయ్యొద్దు. చుక్క పెట్టొద్దు. ఉతకొద్దు, ఇస్త్రీ కూడా వద్దు. కుట్టి ఇవ్వండి, అంతే. భవ్యకి చెప్పమాక. నీ బొమ్మ వస్తదనుకుని, నటిద్దామనే కూచుంటది."

కౌసర్ కుట్లు విప్పింది. నేను పంచె పరిచాను. కుడిమూల చుట్ట వాసన. నేతలో ఎక్కడో ఎర్రటి దుమ్ము, దులిపితే పోదు. పట్టుకున్న కాసేపటికి వేళ్ళు చురచురలాడాయి. ఇన్నేళ్ళకి కూడా మిరప మిరపే.

విప్పిన బొమ్మ ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే పుల్లమ్మగారు చెయ్యి చాచారు.

"అది నాకివ్వు. ఇంట్లో పెట్టుకుంటా. బాగుందని చెప్పాగా ఒకసారి."

ఎన్నో తెరలు వేశాను. పెళ్ళికూతురి వైపు ఏమీ వేయకుండా ఇచ్చింది ఇదొక్కటే.

ఫిబ్రవరి 18

బాలు ఫోన్ తెచ్చి ఇవ్వనా అన్నాడు. ఇవ్వమన్నాను. ఆర్డర్లు చూసుకోవాలిగా మరి అన్నాను. గుమ్మం దాకా వెళ్ళాక వద్దని వెనక్కి పిలిచాను. ఆర్డర్ల కోసం కాదు నాకు.

ఫిబ్రవరి 21

పెళ్ళి నిన్న అయింది. రావొద్దని అనలేదు కాబట్టి వెళ్ళాను. తెర అప్పజెప్పి వెనక వరసలో కూర్చుందామనుకున్నాను. మండపంలో ఎటు చూసినా ఫోన్లే, గాల్లోకి లేచి. అందరికంటే నాకే చేతులు ఎక్కువైనట్టుంది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నన్నెవరూ గుర్తుపట్టలేదు. పెళ్ళికొడుకు తరఫు ఒకావిడ "నువ్వేమవుతావమ్మా?" అంటే నవ్వి పక్కకి జరిగాను.

భవ్యని బుట్టలో తీసుకొస్తుంటే పుల్లమ్మగారు స్టేజీ మీంచి కేకేశారు. "అమ్మాయ్ కోటేశ్వరీ! ఇట్రా!"

వెళ్ళాను. తెర ఒక కొస మేనమామ కొడుకు పట్టుకున్నాడు. రెండో కొస నా చేతిలో పెట్టారు.

"రెండు చేతులతో పట్టుకో. నీ చెయ్యి ఖాళీగా ఉంటే నాకు నమ్మకం లేదు."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నాకు చెవుల దాకా వేడెక్కింది. రెండు చేతులతో పట్టుకున్నాను.

కొస దగ్గర నిలబడితే రెండువైపులా కనిపిస్తుంది. ఇటు తిరిగితే భవ్య మొహం. జానెడు దూరం. ఆ మొహం కోసమే కదా ఇన్నాళ్ళూ నేను పడి చచ్చింది, తెర విప్పగానే వచ్చే ఆ మొహం. ఇది మొదటిసారిది, అసలుది. భవ్యని పీట మీద కూర్చోబెడుతున్న చప్పుడు వినగానే నేను అటు తిరిగిపోయాను, పెళ్ళికొడుకు వైపు. ఆయన చెమట తుడుచుకుంటూ నా సీతారాముల్ని చూస్తున్నాడు.

సన్నాయి, మంత్రాలు. నటించడానికి సిద్ధపడి ఉంటుంది పాపం, తలెత్తడానికి టైము తీసుకుంది.

తర్వాత గుడ్డ లాగినట్టయింది. నా చేతుల్లోంచి జారబోయేంత గట్టిగా పట్టుకుంది అటునుంచి.

"అమ్మా" అంది. "అమ్మా, ఇది నాన్నది."

"ఊఁ" అన్నారు పుల్లమ్మగారు. అంతే. ఆ గొంతు అంత చిన్నగా వస్తుందని నాకు తెలియదు. దాని పక్కనే ఉన్నారు, భుజానికి భుజం తగిలేటంత దగ్గర. చూడలేదు, గాజుల చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో దాన్ని బట్టి చెబుతున్నాను.

వీడియో తీసే అబ్బాయి లైటు సర్దుకుంటూ వచ్చాడు. "అమ్మా, పెళ్ళికూతురమ్మా, మిస్సయింది. ఇంకోసారి తెర వైపు చూసి అట్లాగే..."

"ఇంకోసారి లేదు బాబూ" అన్నాను. నా నోట్లోంచే వచ్చింది. పంతులుగారు కూడా తలెత్తి చూశారు. ఆ అబ్బాయి లైటు పక్కకి తిప్పుకున్నాడు.

ముహూర్తం వచ్చింది. తెర మీదుగా చేతులు దాటాయి, జీలకర్ర బెల్లం పెట్టారు, భజంత్రీలు హోరెత్తించారు. వదలండి, తెర తియ్యండి అంటున్నారు పంతులుగారు. మేనమామ కొడుకు వదిలేశాడు. నా వేళ్ళు రాలేదు. పుల్లమ్మగారు వచ్చి ఒక్కొక్క వేలూ విడదీశారు.

"ఇంక చాలు. వదులు" అన్నారు.

కిందికి దిగి కళ్ళు తుడుచుకుంటే భగ్గుమన్నాయి. పంచెలోని మిరప ఘాటు అని పక్కావిడతో చెప్పాను. ఈ డైరీలో ఎందుకు అబద్ధం. ఏడ్చాను.